స్పృహ తప్పుతూ అన్న మాట

2022లో నేను వన్ టౌన్ దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి డయాలిసిస్ యూనిట్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. మా గదికి కిటికీలు ఉన్నా లేనట్టే. తెరిస్తే పోర్టు వైపు నుంచి బొగ్గు ధూళి వచ్చి మిషన్ల మీద పడుతుంది. అద్దంలోంచి క్రేన్ల తలలు మాత్రం కనిపిస్తాయి.

తెలియనివారి కోసం రెండు మాటలు. కిడ్నీలు పూర్తిగా పాడైన మనిషి రక్తాన్ని బయటికి తీసి, డయలైజర్ అనే గొట్టంలాంటి జల్లెడలో శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి పంపడమే మా పని. దానికోసం చేతిలో ఒక ధమనినీ సిరనూ కలిపి కుడతారు. దాన్ని ఫిస్టులా అంటారు. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ సూదులు గుచ్చిన చెయ్యి కదపకూడదు. ఎవరొచ్చి ఏం మాట్లాడినా మంచం మీది మనిషి వినాల్సిందే.

నేను చదివింది డిప్లొమానే. మిగతా చదువంతా గ్రంథాలయంలో, సెలవు రోజుల్లో, ఫ్యాను కింద కుర్చీ దొరికితే సాయంత్రం దాకా. మతాల చరిత్ర అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. మాది హిందూ కుటుంబమే అయినా యేసు జీవితం చెప్పే నాలుగు సువార్తలూ చదివాను, వాటి మీద పండితులు చేసుకున్న వాదాలూ కొంత చదివాను. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నా నోరు ఊరుకోదు. సన్యాసిరావు గారితో స్నేహం అలాగే కుదిరింది.

ఆయన ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. సొంత ఊరు పద్మనాభం దగ్గర పల్లె, కాపురం పెందుర్తిలో. పెళ్లయ్యాక భార్య రూతమ్మతో పాటు బాప్తిస్మం తీసుకున్నారు. సంఘంలో ఆయన పేరు సైమన్, మా ఫైల్లో సన్యాసిరావే. పక్క మంచం పోలయ్యది. సముద్రం మీద వేటకు వెళ్లి బతికిన మనిషి. షుగరు కిడ్నీలను తినేసింది. ఇద్దరూ ఒకే షిఫ్టు కావడంతో ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు.

ఒకరోజు ఫిస్టులాకు సూది పెడుతుంటే సన్యాసిరావు గారు మామూలుగా అన్నారు, "నన్ను బల్ల నుంచి ఆపేశారు, బాబూ."

బల్ల అంటే సంఘంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు భోజనం. దాని నుంచి ఆపారంటే సంఘం నుంచి సగం బయటికి పంపినట్టే.

పోలయ్య మంచం మీంచే తల తిప్పాడు. "ఏటి బావా, ఏం తప్పు సేసినావేటి? ఎవలి పెళ్లాన్నైనా సూసినావా?"

"ఈ ఒంటితో ఇంకెవల్ని సూస్తాన్రా! వాక్యం సదివినాను, అదీ నా తప్పు. యేసు ప్రభువు తన నోటితో 'నాను దేవుణ్ణి' అని యెక్కడా సూటిగా అన్లేదు కదా అని అడిగినాను. ఆయన్ని కాదన్లేదు. ఆయన ఏటన్నాడో అదే సెప్పమన్నాను."

"ఓస్, అంతేనా? మా గంగమ్మ తల్లి కూడా నాను దేవతనని యెప్పుడూ సెప్పలేదు. మేం మొక్కేత్తన్నాం కదా!"

ముగ్గురమూ నవ్వాం. కాని అది నవ్వే విషయం కాదని కాసేపటికి తెలిసింది. ఆ సంఘానికి పెందుర్తి అవతల ఒక సమాధుల తోట ఉంది. రూతమ్మ పోయాక ఆమెను అక్కడే భూస్థాపన చేశారు, పక్కన ఆయనకు చోటు వదిలారు. బల్లలో పాలుపంచుకోనివాళ్లకు ఆ తోటలో చోటు లేదన్నది సంఘం పెట్టుకున్న కట్టడి. ఆయన గుండె అప్పటికే చాలా బలహీనపడింది. పంపింగ్ ఎంత తక్కువో డాక్టరు గారు ఆయనకే చెప్పారు. కాబట్టి ఆ చోటు ఎప్పుడో కావలసింది కాదు, తొందరలోనే కావలసింది.

"ముప్పయ్యేళ్లు క్రేన్ క్యాబిన్‌లో కూకున్నాను, బాబూ," అన్నారు ఆయన. "కింద పదిమంది సేతులూపుతారు. ఎత్తమంటాడొకడు, దించమంటాడొకడు. నాను మట్టుకు ఒక్క సిగ్నల్ మేన్ సెయ్యే సూడాల. మిగతావోళ్లు మంచోళ్లే అవ్వొచ్చు. ఆళ్ల మాట మీద లోడెత్తితే కింద మనిషి సచ్చిపోతాడు. వాక్యం కూడా అలాగే సదివినాను. ఆయన సెయ్యి ఏటూపిందో అదే సూసినాను."

ఆయన వాదం కొత్తది కాదు. మొదటి మూడు సువార్తల కంటే నాలుగోదానిలోనే యేసు తన గురించి ఎక్కువ సూటిగా మాట్లాడతాడని, దాన్ని అన్నిటికంటే ఆలస్యంగా రాశారని చాలామంది పండితుల అభిప్రాయమని నేను చెప్పాను. నాకు తెలిసింది చెప్పే అవకాశం వచ్చిందని లోపల సంతోషం కూడా కలిగింది. ఆయన వినేసి, "అదంతా నాకొద్దు బాబూ. ఆలీసంగా రాసినా నిజం నిజమే. మాట ఎవరిదన్నదే నా గొడవ," అన్నారు.

మరో వారం ఆ సంఘం పాస్టరు గారు వచ్చారు. ఆయన్ను అందరూ అయ్యగారూ అంటారు. వెంట ఒక సంఘ పెద్ద, సన్యాసిరావు గారి కూతురు సుగుణ. మనిషి నెమ్మదస్తుడు. చెప్పులు బయట విడిచి, నన్ను అనుమతి అడిగి మరీ లోపలికొచ్చారు. నేను పుస్తకాల్లో చూసిన వాదాలు మనుషుల నోట వినడం అదే మొదటిసారి.

"సైమన్ గారూ, ఆయన చెప్పుకోలేదంటారు. చేసి చూపించాడు కదా," అన్నారు పాస్టరు గారు. "పక్షవాతం ఉన్నవాడితో నీ పాపాలు క్షమించానన్నాడు. పాపాలు క్షమించేది ఎవరు? పక్కనున్న యూదుల ధర్మశాస్త్ర పండితులకు ఆ సంగతి అర్థమైంది, అందుకే గొణిగారు. ప్రధాన యాజకుడు నిలబెట్టి నువ్వు దేవుని కుమారుడివా అని అడిగితే ఆయన కాదనలేదు. దైవదూషణ అని బట్టలు చించుకున్నాడు ఆ యాజకుడు. నేను మామూలు మనిషిని అన్నవాణ్ణి ఎవరైనా శిలువ వేస్తారా?"

"ఆళ్లకర్థమైనట్టు ఆళ్లు సంపారండి," అన్నారు సన్యాసిరావు గారు. "మంచి బోధకుడా అని ఒకడు పిలిస్తే, నన్నెందుకు మంచివాడంటావు, దేవుడొక్కడే మంచివాడు అన్లేదా? తండ్రి నాకంటే గొప్పోడన్లేదా? లోకం అంతమయ్యే గడియ నాకు తెల్దు, తండ్రికే తెలుసన్లేదా?"

"శరీరంతో ఉన్నప్పుడు తగ్గించుకుని అన్న మాటలు అవి. సరే, అనుమానించిన శిష్యుడి సంగతేమిటి? చనిపోయి లేచిన ప్రభువు గాయాలు చూసి 'నా ప్రభువా, నా దేవా' అన్నాడు. తప్పయితే ఆయన అక్కడే ఖండించడా?"

"అది సూసినోడి కేకండి. ఆశ్చరీయంతో నోట్లోంచి వచ్చింది. ఆయనన్న మాట కాదు."

"'ఆయనతో అన్నాడు' అని రాసి ఉంది సైమన్ గారూ. గాలితో అన్నాడని లేదు."

నేను ఊరుకోలేకపోయాను. పూర్వం ఒక వ్యాఖ్యాత అది ఆశ్చర్యంతో పెట్టిన కేకే అన్నాడని, తర్వాత క్రైస్తవ మత పెద్దల సభ ఆ మాటను తప్పుపట్టిందని చెప్పాను. పాస్టరు గారు నా వైపు గౌరవంగానే చూసి, "చదివారన్నమాట, సంతోషం," అని మళ్లీ మంచం వైపు తిరిగారు. ఆయనకు కావలసింది నా చదువు కాదు. ఆ మనిషి నోటి నుంచి ఒక్క మాట.

మూడో గంట నడుస్తోంది. సన్యాసిరావు గారు ఆవలించారు. మళ్లీ ఆవలించారు. సంఘ పెద్దకు కోపం వచ్చింది. "అయ్యగారు వాక్యం చెబుతుంటే ఆవలింతలా?" అన్నాడు.

మా పనిలో ఆవలింత నిద్రకు గుర్తు కాదు. ఒంట్లోంచి నీరు తీస్తున్నప్పుడు బీపీ పడిపోబోతుంటే మనిషి ముందు ఆవలిస్తాడు, తర్వాత చెమట పడుతుంది, చూపు మారుతుంది. నేను చేతికి బీపీ కఫ్ బిగించేసరికే, నూట ఇరవై దగ్గర ఉండాల్సిన పై అంకె డెబ్బై చూపించింది. నీరు తీయడం ఆపి, మంచం తలవైపు దించి, కాళ్లు పైకెత్తి, సెలైన్ వదిలాను. ఆయన కళ్లు పైకి తేలిపోయాయి. సూది లేని చెయ్యి గాల్లోకి లేచింది.

"రూతూ..." అన్నారు. గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది. "రూతూ... పెబువా... నా దేవా..."

పాస్టరు గారు మోకాళ్ల మీద పడ్డారు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నారు. సుగుణ ఏడుస్తోంది. నాకు వాళ్లను జరగమనడానికి కూడా తీరిక లేదు. కొంతసేపటికి బీపీ వంద దాటింది. ఆయన కళ్లు తెరిచి నీళ్లు అడిగారు. అప్పటికి పాస్టరు గారు వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నారు.

"ఒప్పుకున్నారు. అవును, మా అందరి ఎదుటే. వచ్చే ఆదివారం బల్ల ఇద్దాం."

నేను బయటికి వెళ్లాను. నన్ను చూసి ఆయన, "మీరూ విన్నారు కదా బాబూ?" అన్నారు.

"విన్నానండి. కాని అప్పుడు ఆయనకు బీపీ డెబ్బై. మెదడుకు రక్తం సరిగ్గా అందడం లేదు. ఆ స్థితిలో ఏమంటున్నారో ఆయనకు తెలియదు."

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "మీ లెక్క మీది. నా అనుభవంలో శరీరం పడిపోయినప్పుడే ఆత్మ నిజం మాట్లాడుతుంది."

ఆ మాటలో మోసం లేదు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఈ రోజుకీ నాకు ఆయన మీద కోపం లేదు.

తర్వాతి సారి సన్యాసిరావు గారికంటే ముందు సుగుణ నా దగ్గరికి వచ్చింది. నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ ప్లాంటు పక్కన, ఆ మోతలో, నాకు మాత్రమే వినబడేలా మాట్లాడింది.

"సార్, నాన్నకు ఆ రోజు ఏటన్నారో గుర్తు నేదు. మిమ్మల్నే అడుగుతారు. మీ మాటంటే గురి. తెలివిలో ఉండే అన్నారని సెప్పండి సార్. సచ్చిపోతే అమ్మ పక్కన పెడతానని మాటిచ్చాను. నాకింకేటీ వొద్దు."

"అబద్ధం ఎలా చెప్పమంటారమ్మా?"

"అబద్ధం కాదు సార్. అన్నారు కదా! మీరూ ఇన్నారు కదా!"

ఆమె నా మౌనాన్ని ఒప్పుకోలు అనుకుని వెళ్లింది.

సన్యాసిరావు గారు మిషన్ ఎక్కాక అడిగారు. "నిజం సెప్పు బాబూ. నాను ఏటన్నాను?"

గదిలో ఏసీ చప్పుడు, మిషన్ల చప్పుడు. సుగుణ తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. నా ముందున్నది ఒక రోగి. తన ఒంట్లో ఏం జరిగిందని అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు నిజం చెప్పకుండా ఈ ఉద్యోగంలో ఒక్క రోజు కూడా చెయ్యలేం. బరువు ఎంత పెరిగింది, బీపీ ఎంత పడింది, ఎంతసేపు తెలివి తప్పింది, అన్నీ చెబుతాం. ఇది మాత్రం దాచడం ఎలా?

"ముందు మీ ఆవిణ్ణి పిలిచారు. రెండుసార్లు. తర్వాత 'ప్రభువా, నా దేవా' అన్నారు. అప్పుడు బీపీ డెబ్బై. మీకు స్పృహ లేదు."

పోలయ్యే ముందు మాట్లాడాడు.

"దానికేటి బావా! వేటకెళ్లినప్పుడు కెరటం మీద పడితే నానూ ఓలమ్మో అంటాను. మా అమ్మొచ్చి తెప్ప లాగుద్దా? నొప్పిలో అన్న మాటకి సాచ్చికం ఏటి?" అని, వెంటనే గొంతు తగ్గించాడు. "అయినా ఊరుకో బావా. నీకు సోటు కావాలి. ఆళ్లకి మాట కావాలి. రెండూ కుదిరిపోనాయి."

"శిలువ మీద ఆయనా 'నా దేవా' అనే కేకేశాడ్రా," అన్నారు సన్యాసిరావు గారు. "ఎందుకు నా సెయ్యి ఒగ్గేసినావని. ఆ కేకే నా నోటెంట వచ్చిందేమో. ఎవర్ని పిలిచానో నాకే తెల్దు. నాకే తెలీని మాటని నాదని ఆళ్లు సాటేత్తన్నారు."

సుగుణ ఏడుస్తూ లోపలికొచ్చింది. "నాన్నా, ఒక్క ఆదివారం ఊరుకో. నీ కాళ్లట్టుకుంటాను."

"ఊరుకుంటే ఆ మాట నాదైపోద్దమ్మా. ఆయన అనని మాట ఆయన నోట్లో పెట్టొద్దని కదా నాను గొడవాడింది. ఇప్పుడు నాను తెలివిలో అనని మాట నా నోట్లో నానే పెట్టుకుని, ఆ నోటితోనే బల్ల తీసుకోమంటావా?"

శనివారం పాస్టరు గారు వచ్చారు. సన్యాసిరావు గారు ఆయనకు చెప్పేశారు. "ఆ మాట నాది కాదండి అయ్యగారూ. తెలివిలో ఉండి అడగండి, తెలివిలో ఉండే సెప్తాను. ఆయన నా ప్రభువు. ఆయన కోసం సచ్చిపోమన్నా సచ్చిపోతాను. తానే దేవుణ్ణని ఆయనన్నాడా అంటే నాకు కనబళ్లేదు. అంతే."

పాస్టరు గారు స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. "కాదని నాతో అన్నారు, నేను మరిచిపోతాను. రేపు సంఘంలో మీరు నోరు విప్పక్కర్లేదు. నేనేమీ అడగను. మీరు ఊరుకుంటే చాలు."

"క్రేన్ కింద సిగ్నల్ లేకుండా లోడెత్తమంటన్నారండి మీరు."

"నాకు మీకు చోటివ్వాలని లేదనుకున్నారా? రూతమ్మ గారిని భూస్థాపన చేసింది నేను. ఆ పక్క చోటు కొలిచి రాయి పెట్టించింది నేను." ఆయన సన్యాసిరావు గారి సూది లేని చెయ్యి పట్టుకున్నారు. "నాకు నా సంఘం ఉంది సైమన్ గారూ. మీకు ఒక కట్టడి, మిగతావారికి ఒక కట్టడి అంటే రేపు నన్నెవరు నమ్ముతారు?"

"తెలుసండి. మీ మీద నాకేటీ నేదు."

ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని కూర్చున్నారు. మిషన్ అలారం కొట్టింది. నేను వెళ్లి ఆపాను. అంతకుమించి నేను చేయగలిగింది లేదు.

వానలు తగ్గకముందే సన్యాసిరావు గారు ఇంటి దగ్గర గుండె ఆగి పోయారు. కబురు తెలిసి యూనిట్ నుంచి నేనూ, పోలయ్యా పద్మనాభం వెళ్లాం. అక్కడ ఉంటున్న ఆయన అన్నగారు తమ పొలం గట్టు పక్కన కొంచెం మెరక చూపించాడు. వాళ్ల ఇంట్లో ఎప్పుడూ దహనమే. ఈయన పాతిపెట్టమన్నాడని ఆ మాట నిలబెట్టారు. గొయ్యి తవ్వుతుంటే అడుగున నీరూరింది. బకెట్లతో తోడారు, మళ్లీ ఊరింది. ఆ నీళ్లలోనే పెట్టె దించారు.

పాస్టరు గారు వచ్చారు. ప్రార్థనలకు వేసుకునే తెల్ల అంగీ వేసుకోలేదు. వరిమడికి అవతల గొడుగు కింద నిలబడ్డారు. సుగుణ బురదలో ఆయన దగ్గరికి వెళ్లి ఒక్క ప్రార్థన చెయ్యమంది. ఆయన తల అడ్డంగా ఊపారు. సంఘం అనుమతి లేదని చెప్పడం నాకు వినబడింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

"ఏటి సదవాలి?" అన్నాడు అన్నగారు అయోమయంగా. "ఆళ్ల మంత్రాలు మాకు తెల్వు." తర్వాత నా వైపు చూశాడు. "బాబూ, మీరు శానా సదువుకున్నోరని తమ్ముడు సెప్పీవోడు. ఏదో ఒకటి మీరే సెప్పండి."

గ్రంథాలయంలో కూర్చున్న సాయంత్రాలన్నీ గుర్తొచ్చాయి. ఎవరు ఏ సభలో ఏమన్నారో, ఏ సువార్త ముందో ఏది వెనకో చెప్పగలను. ఆ గొయ్యి దగ్గర చెప్పదగ్గ మాట ఒక్కటీ రాలేదు. చెయ్యి నిండా మట్టి తీసుకుని వేశాను. పోలయ్య ఫిస్టులా లేని చేత్తో వేశాడు. ఏమీ చదవకుండానే పూడ్చేశారు.

తిరిగి వస్తుంటే సుగుణ నా ఎదురుగా నిలబడింది. "మీరు అబద్ధం ఆడక్కర్లేదు సార్. తెల్దు అంటే సరిపోయీది," అంది. అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చెబుతానని ఆమెతో అనడానికి నోరు రాలేదు. రూతమ్మ పక్క చోటు ఇప్పటికీ ఖాళీగా ఉందని విన్నాను.

ఈ కేసు తర్వాత నేను సువార్తలు మళ్లీ చదివాను. యేసు తాను దేవుణ్ణని అన్నాడా లేదా అన్నది నేను తేల్చలేను. పాస్టరు గారి వాదంలో బలం ఉంది, సన్యాసిరావు గారి వాదంలోనూ ఉంది. నాకు తేలింది నా పనికి సంబంధించిన చిన్న విషయం. ఒక మనిషి ఏమన్నాడన్నది ఆయన చుట్టూ ఉన్నవాళ్ల అవసరాన్ని బట్టి మారిపోవడానికి శతాబ్దాలు అక్కర్లేదు, బీపీ లేచేంతసేపు చాలు. అందులో అబద్ధాలాడేవాళ్లు ఉండాల్సిన పని కూడా లేదు. ప్రేమ ఉన్నవాళ్లు చాలు. అందుకే ఇప్పుడు కొత్తగా చేరే టెక్నీషియన్లకు ఒకటే చెబుతాను. బీపీ పడినప్పుడు రోగి అన్న మాట ఎవరైనా అడిగితే, పక్కనే బీపీ ఎంతో కూడా చెప్పండి. తెలివి వచ్చాక ముందు ఆయనకే చెప్పండి. ఆ మాట తనదో కాదో చెప్పే హక్కు ఆయనదే.

మరుసటి వేసవిలో పోలయ్యకు అలాగే బీపీ పడింది. తల దించి, సెలైన్ పెట్టాను. తేరుకున్నాక అడిగాడు.

"ఏటన్నాను బాబూ?"

"ముందు ఓలమ్మో అన్నావు. తర్వాత బావా, బావా అన్నావు."

అతను పక్క మంచం వైపు తిరిగాడు. అక్కడ ఇప్పుడు ఇంకెవరో పడుకుని ఉన్నారు. పోలయ్య కళ్లు మూసుకున్నాడు.

"గుర్తు నేదు," అన్నాడు. "గాని, అది నా మాటే."